యాంప్లిఫయర్‌కి క్లాసు కాదు, కాక చూడాలి

మా చిన్నాన్న కొడుకు హోమ్ థియేటర్ కొందామని షాపులన్నీ తిరుగుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, క్లాస్ డి అంటే నాలుగో రకం అంట కదా, ఏబీ తీసుకోమంటున్నాడు షాపువాడు, ఇంకా డబ్బులుంటే ప్యూర్ క్లాస్ ఏ ఉంది, ఒకసారి అది విన్నాక వేరేది వినబుద్ధి కాదు అంటున్నాడు" అని ఏకబిగిన చెప్పుకొచ్చాడు. షాపువాడు ఇంకో పని కూడా చేశాడట. ఆ క్లాస్ ఏ డబ్బా మీద వీడి చెయ్యి పెట్టించి, "చూశారా సార్, ఎలా కాలిపోతోందో, క్వాలిటీ అంటే అదీ" అన్నాడట.

ఆ మనిషి తెలియకుండానే నిజం చెప్పాడు. యాంప్లిఫయర్ మీద రాసుండే ఆ అక్షరం నిజంగా చెప్పేది వేడి సంగతే. లోపల పవర్ ట్రాన్సిస్టర్లు ఎంతసేపు కరెంటు లాగుతున్నాయి, లాగినదాంట్లో స్పీకర్‌కి ఎంత పోతోంది, వేడిని గాల్లోకి వదిలే హీట్ సింక్‌కి ఎంత పోతోంది, అంతే. పాట ఎలా వినిపిస్తుందో ఆ అక్షరంలో ఉండదు. కాకపోతే అతను లెక్కని తలకిందులు చేసి, కరెంటు ఎక్కువ తగలేసేదాన్ని అందరికంటే పైన కూర్చోబెట్టాడు. ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళలో చాలామంది ఇదే వరస నమ్ముతారు, ఏ అంటే రాజావారు, ఏబీ అంటే మధ్యతరగతి, డి అంటే బ్లూటూత్ స్పీకర్ బాపతు అని. మన ఎండలకి, మన ఇళ్ళలో మనం వినే మోతాదుకి ఈ వరస ఎందుకూ కొరగాదని నా వాదన. అలాగని క్లాస్ డికి భజన చెయ్యడానికి కూడా కూర్చోలేదు. దాంతో నాకున్న పేచీ వేరే ఉంది, దానికి సౌండుతో సంబంధం లేదు, అక్కడికీ వస్తాను.

పాట లేకపోయినా కాలే కరెంటు

క్లాస్ ఏలో పవర్ ట్రాన్సిస్టర్ ఎప్పుడూ ఆఫ్ అవ్వదు. సిగ్నల్ పైకి పోయినా, కిందకి పోయినా, అసలు సిగ్నలే లేకపోయినా దాంట్లో కరెంటు పారుతూనే ఉంటుంది. పాట మొదలైతే ఆ పారే కరెంటు కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది, సున్నాకి మాత్రం రాదు. అందుకని ట్రాన్సిస్టర్ ఆగి మళ్ళీ అందుకోవడంలో వచ్చే తేడా ఉండదు, దాని వల్ల పుట్టే డిస్టార్షన్, అంటే పాట రూపు చెడడం, ఉండదు. మంచి గుణమే, ఎవరూ కాదనరు.

దానికి కట్టే ధర ఎంతో లెక్క వేద్దాం. 8 ఓమ్స్ స్పీకర్‌లోకి 25 వాట్లు పంపాలంటే పీక్‌లో 20 వోల్టులు, 2.5 యాంపియర్లు కావాలి. సింగిల్ ఎండెడ్ డిజైన్, అంటే సిగ్నల్ రెండు సగాలూ ఒకే ట్రాన్సిస్టర్ మోసేది అయితే ఆ 2.5 యాంపియర్లూ ఊరికే ఉన్నప్పుడు కూడా పారుతూనే ఉండాలి. సప్లై ప్లస్ 22, మైనస్ 22 వోల్టులు అనుకుంటే, 44 ఇంటూ 2.5, ఛానల్‌కి 110 వాట్లు. స్టీరియోకి 220. పుష్ పుల్ చేస్తే, అంటే రెండు ట్రాన్సిస్టర్లు ఆ పని పంచుకుంటే, ఇది సగానికి దిగుతుంది, అయినా 110 వాట్లు. మీరు పాట వింటున్నా, పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్ళినా అంతే. తమాషా ఏమిటంటే, సౌండు బాగా పెంచినప్పుడు క్లాస్ ఏ యాంప్ కొంచెం చల్లబడుతుంది, లాగే కరెంటులో కొంత వాటా స్పీకర్‌కి పోతుంది కాబట్టి. మెల్లగా విన్నప్పుడే ఎక్కువ కాలుతుంది.

రోజుకి నాలుగు గంటలు పెడితే 220 వాట్లకి నెలకి 26 యూనిట్ల పైమాట. ఆడియోకి లక్షలు పెట్టేవాళ్ళకి అది లెక్కలోకి రాదు, ఒప్పుకుంటాను. నా బాధ బిల్లు కాదు. ఇలాంటి యాంపుల్లో హీట్ సింక్ గది కంటే ఒక 25, 30 డిగ్రీలు పైన ఉండేట్టు డిజైన్ చెయ్యడం మామూలే. గది 20 డిగ్రీలుండే దేశంలో సింక్ 50 దగ్గర ఆగుతుంది, చెయ్యి పెడితే వెచ్చగా, ముచ్చటగా ఉంటుంది. అదే డబ్బాని మే నెలలో మధ్యాహ్నం పూట పల్నాట్లో ఒక డాబా ఇంటి పైగదిలో పెట్టండి. రెంటచింతల పేరు వార్తల్లో ఎందుకు వస్తుందో చెప్పక్కర్లేదుగా. గదిలోనే 40 ఉంటే సింక్ 70కి పోతుంది. ఆ పక్కనే నిలబడి ఉండే ఫిల్టర్ కెపాసిటర్లకి ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగం తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే మోటు లెక్క. ఏసీ వేసుకుంటాం కదా అంటారు. వేసుకుంటారు, అంటే వేడి పుట్టించడానికి ఒక బిల్లు, దాన్ని బయటికి నెట్టడానికి ఇంకో బిల్లు.

ఇంకో మాట. క్లాస్ ఏ అంటే ఏదో సాధించి సంపాదించిన పై మెట్టు అనుకుంటారు గానీ, అది అన్నిటికంటే పాతది, సాదాది. మన తాతల కాలం వాల్వ్ రేడియోలు చాలావాటిలో అవుట్‌పుట్‌కి ట్రాన్సిస్టర్ పని చేసే గాజు బుడ్డి, అంటే వాల్వ్, ఒకటే ఉండేది, ఈఎల్84 లాంటిది. ఒకటే ఉంటే సిగ్నల్ రెండు సగాలూ అదే మొయ్యాలి, కాబట్టి క్లాస్ ఏ తప్ప గత్యంతరం లేదు. ఊరి అరుగు మీద వార్తలు చెప్పిన ఆ చెక్క పెట్టె కూడా ప్యూర్ క్లాస్ ఏనే. దాని ముందు కూర్చుని ఎవరూ కళ్ళు మూసుకుని సౌండ్ స్టేజ్ గురించి మాట్లాడలేదు.

అమెరికన్ డిజైనర్ నెల్సన్ పాస్ లాంటివాళ్ళు జీవితమంతా క్లాస్ ఏ మీద పని చేసి, రెండు మూడు భాగాలతో అద్భుతమైన సర్క్యూట్లు గీశారు, వాటిని ఇంట్లో కట్టుకోవడానికి జనానికి ఉచితంగా ఇచ్చారు కూడా. సెన్సిటివిటీ బాగా ఎక్కువున్న, అంటే తక్కువ వాట్లకే గట్టిగా మోగే, స్పీకర్లుండి, రెండు మూడు వాట్లతోనే గది నిండిపోతుందంటే చిన్న క్లాస్ ఏ యాంప్ సరదాగానే ఉంటుంది. సరదా అని ఒప్పుకుని కొనుక్కుంటే నాకే పేచీ లేదు.

11 మిల్లీవోల్టులు

క్లాస్ ఏబీ అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో కంటే కోఠీలో, గుజరాతీ గల్లీకి దగ్గర్లో ఒక రిపేర్ బల్ల ముందు కూర్చున్నప్పుడు బాగా తలకెక్కింది. సిద్ధాంతం చిన్నదే. క్లాస్ బిలో రెండు ట్రాన్సిస్టర్లు, ఒకటి పై సగం, ఇంకోటి కింది సగం మోస్తాయి. ఎవరి వంతు లేనప్పుడు వాళ్ళు ఆఫ్. సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర 0.6 వోల్టు దాకా వస్తే గానీ కదలదు, కాబట్టి సిగ్నల్ సున్నా దాటే చోట ఇద్దరూ ఆఫ్‌లో ఉండే ఒక చిన్న ఖాళీ మిగిలిపోతుంది. గట్టిగా పెట్టినప్పుడు ఆ ఖాళీ కనపడదు, సన్నగా పెట్టినప్పుడు సిగ్నలే చిన్నది కాబట్టి అందులో ఈ ఖాళీ పెద్ద భాగం అయి కూర్చుంటుంది, స, ష శబ్దాలు గరగరలాడతాయి. ఏబీలో రెండిటికీ కొంచెం కొంచెం కరెంటు ఎప్పుడూ పారేట్టు బయాస్ ఇచ్చి ఆ ఖాళీని పూడుస్తారు.

ఎంత ఇవ్వాలన్నదే అసలు కిటుకు. ఆ బల్ల మీద ఉన్నది 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 జతలతో కట్టిన లోకల్ యాంప్. ట్రాన్సిస్టర్లు కాలిపోతే మెకానిక్ మార్చాడు. మార్చగానే నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. ఒక చెక్క మీద బిగించిన 100 వాట్ల పాత బల్బుతో సీరీస్‌లో పెట్టి స్విచ్ వేశాడు. బల్బు ఒక్క క్షణం ఫుల్లుగా వెలిగి, మెల్లగా మసకబారి, తీగ ఎర్రగా మాత్రం మిగిలింది. "ఓకే అన్నా, షార్ట్ లేదు" అన్నాడు. లోపల ఇంకా షార్ట్ ఉంటే బల్బు అలాగే వెలుగుతూ ఉండేది, కొత్త ట్రాన్సిస్టర్లు బతికిపోయేవి. తర్వాత బల్బు తీసేసి, ఇన్‌పుట్ షార్ట్ చేసి, మల్టీమీటర్ 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, ఒక తెల్ల సిమెంట్ రెసిస్టర్ రెండు కొసలకీ ప్రోబులు ఆనించాడు. అది 0.22 ఓమ్. చిన్న స్క్రూడ్రైవర్‌తో బయాస్ సర్దే ప్రీసెట్‌ని వెంట్రుకవాసి తిప్పితే మీటర్ సున్నా నుంచి 3కి, 7కి, 11కి వచ్చింది. 11 మిల్లీవోల్టులంటే 50 మిల్లీయాంపియర్లు. ఈలోపు టీ వచ్చింది. టీ తాగేసరికి సింక్ వేడెక్కి మీటర్ 14 చూపించింది, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

వేడెక్కితే రీడింగ్ ఎందుకు పెరిగిందంటే, ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే దానికి కావలసిన బేస్ వోల్టేజి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ఇచ్చే బయాస్ మాత్రం అలాగే ఉంటే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మళ్ళీ కరెంటు, అలా ఎక్కి ఎక్కి చివరికి పొగ. దీన్ని ఆపడానికే ఒక బుల్లి ట్రాన్సిస్టర్‌ని అదే హీట్ సింక్‌కి బిగించి, వేడిని బట్టి బయాస్ తగ్గించే పని దానికి అప్పగిస్తారు. "ఆ చిన్నదాన్ని సింక్‌కి బిగించకుండా గాల్లో వదిలేస్తరు అన్నా, నాకొచ్చే కేసుల్ల సగం అవే" అన్నాడు. యాంప్ మీద మాత్రం బంగారు రంగులో క్లాస్ ఏబీ అని ఉంది. అదే బోర్డు, అదే అక్షరం, ప్రీసెట్ సున్నా దగ్గరుంటే గరగర, ఎక్కువ తిప్పేస్తే పొగ, సరిగ్గా ఉంటే హాయి. ఇక ఆ అక్షరాన్ని చూసి సౌండు గురించి ఏం చెప్పగలం?

మరి బయాస్ ఇంకా పెంచితే క్లాస్ ఏకి దగ్గరవుతుంది కదా, అంటే ఇంకా మంచిదే కదా అని నేనూ అడిగాను, ఇది చాలామందికి వచ్చే ఆలోచనే. కాదు. కొంచెం సిగ్నల్ వరకు ఇద్దరూ కలిసి మోస్తారు, అక్కడ గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, కాస్త ఎక్కువ, ఆ హద్దు దాటగానే ఒక్కరే మోస్తారు, గెయిన్ తగ్గుతుంది. ఆ మారే చోట మళ్ళీ కొత్త డిస్టార్షన్. డగ్లస్ సెల్ఫ్ అనే ఇంగ్లీషు డిజైనర్ ఏళ్ళ తరబడి కొలిచి మరీ ఇదే చెప్పాడు, బయాస్‌కి ఒక సరైన చోటు ఉంటుందని, అది దాటి ఎక్కువిస్తే మెరుగు కాదని. అంటే ఏ నుంచి బి దాకా మెల్లగా దిగే మెట్లేం లేవు.

ఒక్క వాటు దగ్గర ఎవరెంత

క్లాస్ బి ఎఫిషియెన్సీ (లాగిన కరెంటులో స్పీకర్‌కి చేరే వాటా) 78.5 శాతం, క్లాస్ డి 90 శాతం, క్లాస్ ఏ 25 శాతం అని ప్రతి చోటా ఒక పట్టిక కనిపిస్తుంది. ఆ అంకెలు తప్పు కాదు గానీ అవన్నీ ఫుల్ పవర్ దగ్గర లెక్కలు, బి, ఏ అంకెలైతే కాగితం మీద గరిష్ఠాలు కూడాను. ఇంట్లో ఫుల్ పవర్ ఎవరు వాడుతున్నారు? 87 డీబీ సెన్సిటివిటీ ఉన్న మామూలు స్పీకర్‌కి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డీబీ వస్తుంది. వంటింట్లోంచి "ఆ సౌండు తగ్గించరా" అని కేక వినిపించే మోత అది. మనం రోజూ వినేది సగటున ఒక వాటు లోపే, మధ్య మధ్యలో డప్పు దెబ్బకో, బాంబు పేలుడుకో ఒక్కసారి ఇరవైకో ముప్పైకో ఎగురుతుంది.

100 వాట్ల క్లాస్ బి యాంప్‌ని ఒక్క వాటు దగ్గర నడిపితే దాని ఎఫిషియెన్సీ 78.5 కాదు, దాంట్లో పదో వంతు, 8 శాతం కూడా లేదు. అంటే ఒక వాటు పాటకి ఓ పన్నెండు వాట్లు వేడి, దాని మీద బయాస్ కోసం ఇంకో కొన్ని. అక్కడ క్లాస్ డి కూడా 90 శాతం ఇవ్వదు. లోపల స్విచ్చింగ్‌కి అయ్యే స్థిరమైన ఖర్చు కొన్ని వాట్లు ఉంటుంది, ఒక వాటు పాట ముందు ఆ ఖర్చే పెద్దది. కాబట్టి కరెంటు ఆదా అని క్లాస్ డి డబ్బా మీద రాసేది హాల్లో కూర్చుని వినేవాళ్ళకి పెద్దగా వర్తించదు. ఏబీకీ డీకీ మధ్య తేడా ఒక ఎల్ఈడీ బల్బు, మహా అయితే రెండు. క్లాస్ ఏ ఒక్కటే అన్ని చోట్లా ఓడిపోతుంది.

నాకు ఈ లెక్క మొదట కాస్త ఇబ్బందిగానే అనిపించింది, ఎందుకంటే వేడి చూసి ఎంచుకోండి అని వాదించేవాణ్ణి కదా, ఇంట్లో ఏబీ డీ రెండూ దాదాపు సమానం అయితే ఇక ఎంచుకోవడానికి ఏముంది? నిజంగానే పెద్దగా లేదు. ఆ రెండిటి మధ్య గొడవ పడేవాళ్ళు ఆ టైము స్పీకర్ల మీద పెడితే బాగుపడతారు.

డి మీద వేసిన నిందలు

డి అంటే డిజిటల్ కాదని ఇప్పటికి చాలామంది రాశారు, సి తర్వాత వచ్చింది కాబట్టి డి. ఆ సి పాత రేడియో ట్రాన్స్‌మిటర్ల సరుకు, పాటలకి పనికిరాదు. డిలో ట్రాన్సిస్టర్లు పూర్తిగా ఆన్, లేదా పూర్తిగా ఆఫ్, మధ్యలో నిలబడవు. పాట సిగ్నల్‌ని సెకనుకి నాలుగైదు లక్షల సార్లు ఊగే ఒక త్రికోణపు తరంగంతో పోల్చి, పాట పైన ఉన్నంతసేపు ఆన్, కింద ఉన్నంతసేపు ఆఫ్. పాట పెరిగితే ఆన్ పల్స్ వెడల్పవుతుంది, తగ్గితే సన్నబడుతుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ వేగమైన పల్సుల్ని సగటు చేసి పాటని మాత్రం స్పీకర్‌కి వదులుతాయి. పూర్తిగా ఆన్ ఉన్న మాస్‌ఫెట్ (డిలో వాడే ట్రాన్సిస్టర్ రకం) మీద వోల్టేజి దాదాపు ఉండదు, ఆఫ్ ఉన్నదాంట్లో కరెంటు ఉండదు, ఎప్పుడూ రెండిట్లో ఒకటి సున్నాకి దగ్గర కాబట్టి వేడి తక్కువ.

ఆలోచన పాతదే. 1964లోనే ఇంగ్లండులో సింక్లెయిర్ ఎక్స్-10 అని కిట్టు అమ్మారు. అప్పటి ట్రాన్సిస్టర్లకి అంత వేగంగా స్విచ్ అయ్యే శక్తి లేదు, చెప్పిన పవర్ రాలేదు, పైగా చుట్టుపక్కల రేడియోలకి గోల. పేరు అప్పుడే చెడింది. మంచి మాస్‌ఫెట్లు చవకగా వచ్చాక గానీ బాగుపడలేదు. ఇప్పుడు మీ ఫోన్ స్పీకర్, టీవీ, సౌండ్‌బార్, బ్లూటూత్ డబ్బా దాదాపు అన్నీ క్లాస్ డినే. డి అంటే మొహం చిట్లించే పెద్దమనిషి కూడా ఆ మాట వాయిస్ మెసేజ్‌లో పెడితే మనం వినేది క్లాస్ డిలోనే.

అయితే నిందలన్నీ అబద్ధం కాదు. ఒక స్నేహితుడి ఇంట్లో మేం కొందరం కలిసి, ర్యాక్ మీద దుప్పటి కప్పి, ఒక ఏబీ యాంప్‌నీ, టీపీఏ3116 చిప్‌తో వచ్చే చవక క్లాస్ డి బోర్డునీ మార్చి మార్చి విన్నాం. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటర్ పెట్టి రెండిటి సౌండూ సమానం చేశాం, ఇది చెయ్యకపోతే ఏ పోలికా పనికిరాదు, కాస్త గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది ఎవరికైనా. నలభై దాటిన మాకు ఎవరికీ తేడా అంతుపట్టలేదు, ఒకాయన రెండుసార్లు ఒకే యాంప్‌కి రెండు రకాల వర్ణన ఇచ్చాడు. ఆ స్నేహితుడి కూతురు, ఇంటర్ చదివే అమ్మాయి, మాత్రం మధ్యలో వచ్చి కూర్చుని, "అంకుల్, ఇది కొంచెం చురుగ్గా ఉంది, గజ్జెలు ఎక్కువ వినపడుతున్నాయి" అని ప్రతిసారీ బోర్డునే పట్టేసింది.

మా వయసుకి పై ఫ్రీక్వెన్సీలు వినపడవు, ఆ అమ్మాయికి వినపడతాయి. కారణం కూడా దొరికింది. ఆ బోర్డులో ఫీడ్‌బ్యాక్, అంటే బయటికి వచ్చినదాన్ని వెనక్కి తెచ్చి తప్పులు దిద్దుకునే తీగ, ఫిల్టర్‌కి ముందు నుంచే తీసుకుంటారు, ఆ ఫిల్టర్ అయిన కాయిల్, కెపాసిటర్ దాని పర్యవేక్షణలో ఉండవు. అలాంటప్పుడు ఫిల్టర్ నడత స్పీకర్ ఇంపీడెన్స్ (ఓమ్స్‌లో చెప్పే అడ్డు) మీద ఆధారపడుతుంది. 4 ఓమ్స్‌కి లెక్క వేసిన ఫిల్టర్‌కి 8 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే పై కొసన ట్రెబుల్ కాస్త లేస్తుంది. ఆ ఇంట్లో ఉన్నవి 8 ఓమ్స్ స్పీకర్లు. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే డిజైన్లలో ఈ జబ్బు పోతుంది, ఫిలిప్స్‌లో ఉండగా బ్రూనో పుట్జెస్ అనే ఇంజనీరు చేసిన యూసీడీ అనే క్లాస్ డి సర్క్యూట్ అలాంటిదే, ఆ తర్వాత ఆయన చేసినవాటి డిస్టార్షన్ కొలవాలంటే మీటర్లే తడబడే స్థాయికి వెళ్ళాయి. కాబట్టి అమ్మాయి విన్నది నిజమే, అది డి అనే అక్షరం తప్పు మాత్రం కాదు, ఒక తీగ ఎక్కడ నుంచి లాగారన్న సంగతి. షాపులో ఎవరైనా ఫీడ్‌బ్యాక్ ఎక్కడ నుంచి తీశారు అని అడుగుతారా? అడిగితే సేల్స్‌మన్ సెక్యూరిటీని పిలుస్తాడు.

చెవి చెప్పేదాన్ని మరీ తీసిపారేస్తున్నావు అంటారు కొందరు. 1985లో బాబ్ కార్వర్ అనే అమెరికన్ డిజైనర్, ఒక ఖరీదైన వాల్వ్ యాంప్ లక్షణాల్ని తన చవక ట్రాన్సిస్టర్ యాంప్‌లో దించుతానని పందెం వేసి, స్టీరియోఫైల్ అనే ఆడియో పత్రిక వాళ్ళు ఒప్పుకున్నాక దాన్ని సర్దుకుంటూ పోయి, చివరికి వాళ్ళే తేడా చెప్పలేని స్థితికి తెచ్చాడు. వాల్వూ ట్రాన్సిస్టరే అలా కలిసిపోయినప్పుడు బయాస్ తేడా ఎంత? అంతకుముందు 1975లోనే క్వాడ్ 405 అనే యాంప్‌లో డిజైనర్ పీటర్ వాకర్ ఒక చిన్న క్లాస్ ఏ యాంప్‌ని, బయాసే లేని పెద్ద ట్రాన్సిస్టర్ల జతని కలిపి, చిన్నది పెద్దవాటి తప్పులు దిద్దేట్టు కట్టాడు. దాని మీద ఏ అక్షరం రాద్దాం?

మిగతా అక్షరాల గురించి ఎక్కువ చెప్పను. జి, హెచ్ అంటే ఏబీకే సప్లై దగ్గర తెలివి పెట్టడం, మెల్లగా పాడినప్పుడు తక్కువ వోల్టేజి, అవసరమైతే ఎక్కువ వోల్టేజి. ఒకరు జి అన్నదాన్నే ఇంకొకరు హెచ్ అంటారు. క్లాస్ టి అని ట్రైపాత్ కంపెనీ పెట్టుకున్నది ఒక రకం డికి వ్యాపారపు పేరు. డెబ్బైల చివర్లో జపాన్ కంపెనీలు సూపర్ ఏ, న్యూ క్లాస్ ఏ అని అచ్చు వేసుకున్నవి కదిలే బయాస్ ఉన్న ఏబీలు. ఏ మీద మోజుని అమ్ముకోవడం ఈ షాపువాడితో మొదలవ్వలేదు.

ఆదా అయిన వేడి ఎక్కడికి పోయింది

క్లాస్ డి నిజంగా గెలిచింది ఇంట్లో కాదు, వీధిలో. వేల వాట్లు బయటికి పంపే చోట 60 శాతానికీ 90 శాతానికీ తేడా అంటే ఒక ఫ్యాను గాలికి చల్లబడే డబ్బాకీ, ఇద్దరు మోసే ఇనప పెట్టెకీ ఉన్న తేడా. పెళ్ళి పందిట్లో సాయంత్రం వోల్టేజి 180కి పడిపోతే ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత యాంప్ పవర్ దాదాపు 40 శాతం పడిపోతుంది, ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, సిగ్నల్ కొసలు తెగి, అంటే క్లిప్ అయ్యి, ట్వీటర్లు పోతాయి. వోల్టేజి దిద్దుకునే ఎస్ఎంపీఎస్ (స్విచ్చింగ్ పవర్ సప్లై) ఉన్న క్లాస్ డికి ఆ బాధ లేదు. సౌండ్ సప్లై వాళ్ళకి ఇది వరమే. కానీ మిగిలిన కరెంటుని ఎవరూ మిగుల్చుకోలేదు, అదే వ్యాన్‌లో, అదే జనరేటర్ మీద ఇంకో నాలుగు బాక్సులు ఎక్కించారు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్స్‌ని నిషేధించాల్సి వచ్చింది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తూనే ఉన్నాయి. యాంప్ తేలికవ్వడం ఒక్కటే దీనికి కారణం అనను, కానీ అదొక కారణం కాదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

నా అసలు పేచీ

ఇందాక చెప్పిన ఏబీ యాంప్‌ని మెకానిక్ నా కళ్ళ ముందే బాగుచేశాడు. కాలిన ట్రాన్సిస్టర్ విప్పాడు, డబ్బాలోంచి కొత్తది తీశాడు, దాని మీది అక్షరాల్ని థిన్నర్‌లో ముంచిన గుడ్డతో రుద్ది చూశాడు, అచ్చు చెరిగిపోతే డూప్లికేట్ అని పక్కన పడేశాడు, ఇంకోటి తీశాడు. అయిదారు విడి భాగాలు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక బల్బు, ఒక మీటర్. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు వాడిన ముప్పై నలభై ఏళ్ళ నాటి మైక్ సెట్లు మన ఊళ్ళలో గుళ్ళలో ఇంకా పాడుతున్నాయంటే ఇలాంటి బల్లల పుణ్యమే.

అదే బల్ల మీదకి ఒకరోజు నా క్లాస్ డి సబ్‌వూఫర్ తీసుకెళ్ళాను. పేరున్న కంపెనీదే, వారంటీ అయిపోయి ఎంతో కాలం కాలేదు. అతను నాలుగు స్క్రూలు విప్పి, లోపలికి టార్చి వేసి చూసి మళ్ళీ స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. "రిపేర్ లేదు అన్నా, బోర్డు మార్చుడే" అన్నాడు. చీమ తలకాయంత భాగాలు, చిప్ కింద అతికించిన ప్యాడ్, చిప్ మీద నంబర్ గీకేసి ఉంది, సర్క్యూట్ డయాగ్రమ్ ఎవరికీ ఇవ్వరు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే బోర్డు స్టాక్ లేదు, కొత్త మోడల్ మీద డిస్కౌంట్ ఇస్తాం అన్నారు. దుంగంత స్పీకరు, చెక్క పెట్టె, అన్నీ బాగానే ఉన్నాయి, అరచేయంత బోర్డు పోయినందుకు మొత్తం పారేయమంటున్నారు.

ఇది క్లాస్ డికి పుట్టుకతో వచ్చిన దోషం కాదని నాకు తెలుసు. ఏబీ యాంప్‌ని కూడా ఇలాగే నంబర్లు గీకేసి, రెసిన్ పోసి అమ్మొచ్చు, అమ్ముతున్నవాళ్ళు ఉన్నారు. విడి మాస్‌ఫెట్లు, అందరికీ దొరికే డ్రైవర్ చిప్‌తో చక్కగా బాగుచేసుకోగల క్లాస్ డి కూడా కట్టొచ్చు, అభిరుచి కొద్దీ కట్టుకునేవాళ్ళు కడుతున్నారు. కానీ ఇవాళ షాపులో దొరికేవాటిలో, మన ఊరి మెకానిక్ చేతికి లొంగేది ఎక్కువగా ఏబీనే, లొంగనిది ఎక్కువగా డినే. సౌండు దగ్గర ఆ అక్షరం తెచ్చే తేడా లేదు, ఇంట్లో కరెంటు దగ్గర పెద్ద తేడా లేదు అని పైన నేనే అన్నాను కాబట్టి, ఇక మిగిలిన తేడా ఇదొక్కటే. దీని గురించి షాపులో ఎవరూ మాట్లాడరు, ఆడియో రివ్యూల్లోనూ కనపడదు, డిస్టార్షన్ 0.001 శాతమా 0.0005 శాతమా అని మాత్రం పేజీలకి పేజీలు రాస్తారు.

అందుకని మా వాడికి చెప్పిందేమిటంటే, క్లాస్ ఏ వద్దు, ఏబీనా డీనా అని బుర్ర పాడుచేసుకోకు, స్పీకర్లకి ఎక్కువ డబ్బు పెట్టు, యాంప్ దగ్గర మాత్రం వారంటీ తర్వాత బోర్డు విడిగా ఎంతకి అమ్ముతారో, ఎన్నాళ్ళు స్టాక్ ఉంచుతారో రాసివ్వమని అడుగు. అడిగాడట. ఒక షాపులో నవ్వారు, ఇంకో షాపులో కంపెనీని అడిగి చెప్తామని నంబర్ తీసుకున్నారు.

నా సబ్‌వూఫర్‌లో ఇప్పుడు పాత బోర్డు లేదు. ఆ మెకానిక్కే ఆన్‌లైన్‌లో దొరికే ఒక క్లాస్ డి బోర్డు తెచ్చి, వెనక రేకుకి కొత్త కంతలు పెట్టి బిగించాడు, నాబ్ ఒకటి కొంచెం వంకరగా ఉంటుంది. బాగానే మోగుతోంది. ఈసారి పోతే ఏం చెయ్యాలో అతనికి తెలుసు, ముందుజాగ్రత్తగా అలాంటిదే ఇంకో బోర్డు కొని నా పేరు రాసి అరలో పెట్టాడు, డబ్బులు నా దగ్గరే తీసుకున్నాడనుకోండి.